చెవులమ్మ చదివిన లెక్క

వినికిడి యంత్రాల షాపులో పనిచేసే ఆవిడని అందరూ చెవులమ్మ అనేవారు. మొహమ్మీద అన్నా ఏమీ అనుకునేది కాదు సరికదా, ఫోనెత్తి "చెవులమ్మనండీ, చెప్పండి" అని తనే అనేది. కళ్ళద్దాల షాపు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కి వెళ్తే రెండు గదులు. ముందు గదిలో గోడ పొడుగునా కుర్చీలు, లోపలి గదిలో ఆవిడ బల్ల, కంప్యూటరు, ఓ మూల చెవులు పరీక్ష చేసే అద్దాల గూడు. రెండు గదుల మధ్య తలుపుంది గానీ దాన్ని మూసిన పాపాన ఎవరూ పోలేదు. మూస్తే, ఎంత అరిచి పిలిచినా బయటున్నవాళ్ళకి వినపడి చావదు కదా. అందుకని అది బార్లా తెరిచే ఉండేది. లోపల అనుకున్నది బయటికీ, బయట అనుకున్నది లోపలికీ హాయిగా వచ్చిపోతుండేవి.

చెవులమ్మకి ఒక పద్ధతుంది. పద్ధతంటే చిన్నమాట, అదే తన విద్య అనుకునేది. ఇప్పటి యంత్రాలు పాతవాటిలా కావు. చెవి వెనక చిక్కుడుగింజంత ఉంటాయా, రోజుకి ఎంతసేపు ఆన్‌లో ఉన్నాయో, ఏ పూట చుట్టూ నిశ్శబ్దంగా ఉందో, ఏ పూట మామూలు మాటలో, ఏ పూట గోలో, అంతా లెక్క పెట్టుకుంటాయి. మాటల్ని దాచుకోవు, వాటి మోతాదునే దాచుకుంటాయి. షాపులో కంప్యూటరుకి కలపగానే ఆ లెక్క రంగురంగుల గీతలై తెరమీద లేస్తుంది. దాన్ని చెవులమ్మ ఇంటిల్లిపాది ముందూ పైకి చదివేది. యంత్రం కొనిపించుకుని డబ్బాలో దాచుకునే పెద్దవాళ్ళకి లోటేముంది? "రోజంతా పెట్టుకునే ఉంటున్నానమ్మా" అని దబాయించిన పెద్దమనిషిని "మీ ఇంట్లో రోజంటే గంటేనా బాబాయిగారూ?" అనేది. పిల్లలు పకపకా నవ్వేవారు, ఆయన నవ్వలేక నవ్వేవాడు, మర్నాటినుంచీ బుద్ధిగా పెట్టుకునేవాడు. ఆయన్ని అడిగి చదివిందా అంటే లేదు. అడిగితే చదవనిస్తారా ఎవరైనా?

దీని గురించి ఇంట్లో ఆవిడకీ మరిదికీ అన్నం దగ్గర ఎప్పుడూ తగువే. మరిది కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. పగలు రాసేవి జీతానికి, మిగతా వేళల్లో రాసేవి ఊరికే. ఊరికే అంటే నిజంగానే ఊరికే. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఒక ప్రోగ్రాం రాసి, లోపల ఏముందో మూత తీసి అందరికీ చూపించి, కావాలంటే వాడుకోండి, చేతనైతే బాగుచెయ్యండి అని వదిలేస్తారు. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. అత్తగారు మాత్రం "వేళకి పెళ్ళి చెయ్యకపోతే ఇలాగే ఉంటుంది" అనేది.

మరిది ఆవిణ్ణి అడిగేది ఒక్కటే. ఆ చెవి పెద్దాయనది, యంత్రం ఆయన కొనుక్కున్నది, మరి లెక్క మాత్రం ఆయనది కాకుండా ఎలా పోయింది? అది కంపెనీకి ఎందుకు వెళ్ళాలి, వెళ్ళి ఏం చేస్తుంది, ఆపమంటే ఆపే మీట ఎక్కడుంది? చెవులమ్మ పప్పు వడ్డిస్తూ కొట్టిపారేసేది. వైద్యుడి దగ్గర రోగం దాస్తే నష్టం ఎవరికయ్యా అనేది. తప్పు చెయ్యనివాడికి దాపరికం దేనికయ్యా అనేది. షాపు ముందుగదిలో కూడా ఈ తగువు నడుస్తూనే ఉండేది. కుట్టుపని చేసే ఒకావిడ, చెప్పు తెగిందని మొగుడితో అన్న పాపానికి ఫోన్నిండా చెప్పుల ప్రకటనలే కనపడుతున్నాయని లబలబలాడేది. పక్కనున్నాయన, మనలాంటివాళ్ళ కబుర్లు విని వాళ్ళేం బావుకుంటారమ్మా అని నవ్వేవాడు. చెవులమ్మ ఆ పక్కనున్నాయన పార్టీ.

అలాంటి చెవులమ్మ దగ్గరికి ఒక ఉదయం కండక్టరుగారు వచ్చారు, వెనక కొడుకూ కోడలూ.

ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యి చాలాకాలమైంది. ఒకప్పుడు ఆయన నోరు తెరిస్తే బస్సులో చంటిపిల్లలు సైతం ఏడుపు మానేసేవారట. పోకిరీ ఎవడన్నా ఆడపిల్లల పక్కన వేషాలు వేస్తే నడిరోడ్డు మీద బస్సాపించి చొక్కా పట్టుకుని దింపేసేవారట. ఇదంతా కొడుకే మెట్లెక్కుతూ గర్వంగా చెప్పాడు. కొడుకు ఏదో ఆఫీసులో మంచి ఉద్యోగం. మాట మెత్తన, నడక మెత్తన. తండ్రి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏడాది కిందట ఇక్కడే కొన్న యంత్రం పనిచెయ్యడం లేదని, ఎంత పిలిచినా నాన్న పలకడం లేదని, మార్చి కొత్తది ఇవ్వాలని మర్యాదగానే అడిగాడు. కోడలు గోడకానుకుని నిలబడింది. కూర్చోమంటే ఫరవాలేదండీ అంది.

చెవులమ్మ పని మొదలుపెట్టింది. చెవిలోకి లైటు వేసి చూసింది, గులిమి లేదు. యంత్రం చివరనున్న రబ్బరు టోపీ తీసి, చిన్న బ్రష్షుతో దుమ్ము దులిపి, గులిమి ఆపే జల్లెడ మార్చింది. యంత్రాన్ని పరీక్షించే గొట్టం తన చెవికి తగిలించుకుని వింది, నిక్షేపంగా ఉంది. మళ్ళీ ఆయన చెవికి పెట్టి, పెదాలు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని, మంచినీళ్ళు తాగుతారా అని అడిగింది. ఆయన అయోమయంగా చూసి "ఆ?" అన్నారు. ఇంకాస్త గట్టిగా అడిగింది. "ఏంటమ్మా?" అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉందండీ మా బతుకు అన్నాడు కొడుకు నవ్వుతూ.

అప్పుడు చెవులమ్మ యంత్రాన్ని కంప్యూటరుకి కలిపింది. తెరమీద గీతలు లేచాయి. చూసి ఆవిడ ముచ్చటపడింది. ఇన్నేళ్ళలో ఇంత మంచి లెక్క ఎవరిదీ చూసెరగదు. ఎప్పటిలాగే గొంతు పెంచి, ముందుగది కూడా వినేట్టు చదివేసింది.

"యంత్రానికేం రోగం లేదండీ. బాబాయిగారు బంగారం. లేచింది మొదలు పడుకునేదాకా పెట్టుకునే ఉంటున్నారు, ఏడాదిగా ఒక్కరోజు తప్పలేదు. ఇంత బాగా వాడేవాళ్ళకి వినపడకపోవడమన్నది ఉండదు. ఇదిగో, సాయంత్రాలు మీ ఇంట్లో బాగా గట్టి మాటలు కూడా పట్టింది. రోజూనే. టీవీ పెద్దగా పెడతారా?"

ఎవరూ నవ్వలేదు. మామూలుగా ఈపాటికి ఎవరో ఒకరు దొంగ దొరికాడన్నట్టు నవ్వాలి. చెవులమ్మ తెరమీంచి తల తిప్పి చూసింది. కోడలి చెయ్యి మెడ దగ్గర చున్నీ సర్దుకుంటూ సర్దుకుంటూ ఆగిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. "రోజూనా?" అంది, ఎవరినడుగుతోందో తెలియకుండా. కండక్టరుగారు తన మోకాళ్ళకేసి చూసుకుంటున్నారు. వినపడనివాళ్ళు మాట్లాడేవాళ్ళ నోళ్ళకేసి చూస్తారు. ఆయన ఎవరి నోటికేసీ చూడలేదు.

కొడుకు మాత్రం కాసేపు తండ్రినీ, కాసేపు తెరనీ చూశాడు. మెల్లిగా అతని మొహం విచ్చుకుంది. తన ఫోన్లో కూడా ఈ లెక్క కనపడేట్టు పెట్టడానికి వీలుంటుందా అని అడిగాడు. వీలేమిటి, కంపెనీ యాప్‌లో ఇంట్లోవాళ్ళకోసమే అలాంటి ఏర్పాటుంది. నాన్నగారి యంత్రం ఇప్పుడు ఆన్‌లో ఉందా లేదా అన్నది ఆఫీసులో కూర్చుని కూడా చూడొచ్చు. అందరికీ పెట్టినట్టే అతనికీ పెట్టింది చెవులమ్మ. పెడుతూ కోడలికేసి ఒకసారి చూసింది గానీ ఆగి ఆలోచించలేదు. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు.

*

మూడు నాలుగు రోజులకి కోడలు ఒక్కతే వచ్చింది. రబ్బరు టోపీలు కావాలంది. ఇచ్చినా లేవలేదు. ముందుగది ఖాళీ అయ్యేదాకా చేతిలో ఆ చిన్న కవరు మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. చివరి ముసలావిడ కూడా మెట్లు దిగాక లోపలికొచ్చి, చెవులమ్మ ఎదురుగా నిలబడి, యంత్రం తప్పు చెప్పిందని మావారికి చెప్పండి అంది.

చెవులమ్మకి అర్థం కాలేదు. యంత్రం తప్పెందుకు చెబుతుందమ్మా అని తన ధోరణిలో మొదలుపెట్టింది. ఆ పిల్ల చున్నీ కొంచెం పక్కకి తీసింది. మెడమీద, చెవి కింద, వేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి. ఎవరికీ చూపించడం అలవాటులేని మనిషి చూపించినట్టు, చూపించి వెంటనే కప్పేసుకుంది. చెవులమ్మ కుర్చీ జరిపి కూర్చోమంది. ఈసారి కూర్చుంది.

ఆ ఇంట్లో సంగతి ఆ పిల్ల తల వంచుకుని చెప్పుకుపోయింది. బయట వెన్నలాంటి మనిషి ఇంట్లో నిప్పు తొక్కిన కోతి. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టినప్పట్నుంచీ కూరలో ఉప్పు దగ్గర మొదలై పుట్టింటి ఏడుతరాల దాకా వెళ్తుంది. చెయ్యి లేచేది అప్పుడప్పుడే, ఎందుకంటే ఆ పిల్ల దగ్గర ఒక ఆయుధముంది. మామగారికి చెప్తాను, కాగితం మీద రాసి మరీ ఆయన చేతిలో పెడతాను అనేది. అంతే, అతని చెయ్యి గాలిలోనే ఆగేది. ఎంత పెద్దవాడైనా అతను కండక్టరుగారి కొడుకు. చొక్కా పట్టుకుని బస్సు దింపేసిన మనిషి తన ఇంట్లో ఈ సంగతి తెలిస్తే ఊరుకోడని అతనికీ తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. ఆయనకి వినపడదు కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి ఊరుకున్నారు. ఆ నమ్మకంమీదే రోజులు నెట్టుకొచ్చింది.

"మీరు లెక్క చదివారు కదండీ," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే చెవులమ్మకి కాస్త తేలికగా ఉండేది. "ఆరోజు ఇంటికెళ్ళాక మావారు ఫోన్ తీసి చూశారు. ఆన్‌లోనే ఉంది, మా నాన్న వింటున్నాడు అన్నారు. అని మొదలుపెట్టారు. ఇప్పుడు రోజూ అంతే. ముందు ఫోన్ చూస్తారు, మామయ్యగారి యంత్రం ఆన్‌లో ఉందని రూఢి చేసుకున్నాకే నోరు తెరుస్తారు. చూశావా, ఏడాదిగా విని కూడా ఒక్క మాటన్నాడా అంటారు. మౌనం అర్ధాంగీకారమంటారు, మా నాన్నది పూర్తి అంగీకారమే అని నవ్వుతారు."

చెవులమ్మ కంప్యూటరు తెర ఆర్పేసింది. ఇన్నేళ్ళుగా ఎంతమంది ఇళ్ళ లెక్కలు ఇలా గొంతెత్తి చదివి పారేసిందో, ఎవరి కొంపలో ఏం రగిలిందో, మెట్లు దిగి వెళ్ళాక వాళ్ళు ఏమయ్యారో తనకేం తెలుసు? అందరూ నవ్వుతూనే దిగారు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే, అది ఇంత పచ్చిగా తన బల్లకి ఎదురుగా వచ్చి కూర్చుంటుందనుకోలేదు.

పోలీసులకి చెబుదామంది. పుట్టింటికి వెళ్ళమంది. ఆ పిల్ల అన్నిటికీ తల ఊపింది, ఊపడమే. పుట్టింట్లో తమ్ముడి గది తప్ప ఇంకో గది లేదట. ఉద్యోగం వెతుక్కుంటోందట, ఒకచోట రమ్మన్నారట, అందాకా గడవాలట. ఎలా వెళ్ళాలో ఎప్పుడు వెళ్ళాలో తనకి తెలుసట, అది వేరే సంగతట. అందాకా అతనికి ఆ పాత భయం ఉంటే చాలు. యంత్రం తప్పని చెప్పండి చాలు.

"మరి మామగారు? ఆయన్ని అడిగావా?" అంది చెవులమ్మ.

అడగలేదంది. ఆరోజునుంచీ ఆయన మొహం చూడలేకపోతున్నానంది. రోజూ పొద్దున్నే ఆయనకి కాఫీ ఇస్తూ ఏడ్చేదాన్ని, ఈయనకెలాగూ తెలియదు కదా, ఒక్క మంచి మనిషి దగ్గరైనా మనసారా ఏడవొచ్చని ఏడ్చేదాన్ని, అవన్నీ విన్నారా అని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నానంది. విని కాఫీ బాగుందన్నట్టు తలూపేవారు, అంతే. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆ పిల్ల కళ్ళవెంట నీళ్ళు కారాయి.

*

ఆదివారం పొద్దున్న మరిది వరండాలో కంప్యూటరు ముందేసుక్కూర్చుంటే చెవులమ్మ వెళ్ళి పక్కన పీట లాక్కుంది. పేర్లు చెప్పకుండా సంగతంతా చెప్పింది. మామూలుగా ఇలాంటప్పుడు నేను చెప్పలేదా అనేవాడు. ఈసారి అనలేదు. అననందుకు ఆవిడకి ఇంకా సిగ్గేసింది.

లెక్కని చెరిపేసి, చెరిపేసినట్టు తెలియకుండా చెయ్యొచ్చా అని అడిగింది. కంపెనీ ప్రోగ్రాంలో కుదరదన్నాడు. అది మూసేసిన డబ్బా, చూపించింది చూడ్డమే మనవంతు. ఇలాంటి యంత్రాలకే ఎవరో కొంతమంది కలిసి ఊరికే రాసిపెట్టిన ప్రోగ్రాం ఒకటుంది. దాంట్లో లెక్క పెట్టడాన్ని మొత్తానికే ఆపెయ్యొచ్చు. కొడుకు ఫోనుకి వెళ్ళే దారి తెంపడం ఇంకా సులువు, షాపు కంప్యూటర్నించే అయిపోతుంది. నేర్పిస్తానన్నాడు. "కానీ వదినా, చెప్పేసిన మాటని వెనక్కి లాగే ప్రోగ్రాం మేమెవరం రాయలేదు," అన్నాడు.

యంత్రం తప్పు లెక్క పెట్టిందని చెబితే అతను నమ్ముతాడా అని అడిగింది. తప్పకుండా నమ్ముతాడన్నాడు మరిది. అదే మాది లాంటి ప్రోగ్రాం అయితే, చూపించు ఎక్కడ తప్పిందో అని ఎవడైనా నిలదీస్తాడు. కంపెనీవాడి డబ్బా లోపల ఏముందో నీకూ తెలియదు, అతనికీ తెలియదు. తెలియనిదాని మీద ఎంత అబద్ధమైనా నిలబడుతుంది. ఇన్నాళ్ళూ నేను తిట్టింది ఆ మూతనే, ఇవాళ దాని చాటునే నువ్వు దాక్కోవాల్సొచ్చింది అన్నాడు, నవ్వకుండా.

అబద్ధం చెప్పడం చెవులమ్మకి కొత్త కాదు. ఎవరికి కొత్త? కానీ చెవుల విషయంలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. బాగా వినపడుతోందని పొంగిపోయేవాళ్ళకి కూడా, లేదండీ ఈ చెవి ఇంక రాదు అని నిజమే చెప్పింది. మర్నాడు షాపుకెళ్ళి ముందు కొడుకు ఫోనుకి వెళ్ళే దారి తెంపేసింది. తర్వాత అతనికి ఫోన్ చేసి, నాన్నగారి యంత్రంలో లోపం బయటపడిందని, ఒకసారి తీసుకురమ్మని చెప్పింది. తనూ ఫోన్ చేద్దామనుకుంటున్నానని, యాప్‌లో ఏమీ కనపడ్డంలేదని అన్నాడు ఆ మెత్తటి గొంతుతో.

*

వాళ్ళొచ్చేసరికి ముందుగది నిండి ఉంది. కుట్టుపని ఆవిడ, ఇంకో నలుగురైదుగురు. మోకాలికి మోకాలు తగిలే ఇరుకు. ముగ్గురూ వాళ్ళమధ్యనుంచి ఒదిగి లోపలికొచ్చారు. కండక్టరుగారు వారంలోనే చిక్కిపోయినట్టున్నారు. గడ్డం గీసుకోలేదు. కోడలు మళ్ళీ గోడవారనే నిలబడింది.

చెవులమ్మ యంత్రం తీసి కంప్యూటరుకి కలిపింది. మరిది నేర్పిన ప్రోగ్రాం తెరిచి లెక్క పెట్టడం ఆపేసింది. మళ్ళీ ఆయన చెవికి పెట్టి, గొట్టం సరిచేసి, కీచుమని కూత రావడంలేదని చూసుకుంది. కొడుకువైపు తిరిగి, బట్టీపట్టిన పాఠం అప్పజెప్పింది. ఈ విడతలో వచ్చిన యంత్రాల్లో లెక్క పెట్టే భాగం పాడైంది, మాట చెవికి చేరకపోయినా పనిచేస్తున్నట్టే చూపిస్తోంది, యాప్ కూడా అందుకే ఆగిపోయింది. నాన్నగారు పెట్టుకున్నారే గానీ విన్నది లేదు. గోల తెలిసినా ఆ వయసుకి మాటలు విడివిడిగా తెలియవు. నేనే తొందరపడి ఏదేదో అనేశాను, క్షమించండి.

కొడుకు మొహం చూడాలి. వారం రోజులుగా ఏలిన రాజ్యం ఎవరో లాక్కున్నట్టయింది. "అంటే నాన్నకి ఏదీ వినపడలేదంటారు," అన్నాడు. వినపడలేదంది చెవులమ్మ. అతను చప్పున తండ్రివైపూ, పెళ్ళాంవైపూ చూసి, చేతిలో ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

గోడవారనున్న కోడలు ఊపిరి వదిలింది. చాలా రోజులుగా బిగబట్టినట్టు, గట్టిగా, భుజాలు దిగేట్టు వదిలింది. మొహంలోకి ప్రాణం లేచొచ్చింది. మామగారివైపు, ఆరోజు తర్వాత మొట్టమొదటిసారి, నిండుగా చూసింది. చిన్నగా నవ్వింది కూడా. ఆ నవ్వు ఆయన చూశారు. తను చెవిటివాడన్న మాట నిలబడినందుకు ఆ పిల్ల బతికి బట్టకట్టినట్టు నవ్వడం ఆయన కళ్ళారా చూశారు.

ఆయన రెండు చేతులూ కుర్చీమీద ఆనించి లేచారు. లేవడానికి కొంచెంసేపు పట్టింది.

"అబద్ధం చెప్పకమ్మా," అన్నారు చెవులమ్మతో. "యంత్రం బాగానే ఉంది. నేను వింటూనే ఉన్నాను."

కొడుకు ఏదో అనబోయాడు. ఆయన వాడివైపు తిరిగారు. బస్సు వెనక సీటుదాకా వినపడే ఆ గొంతు ఎన్నాళ్ళకి లేచిందో ఏమో, ముందు పీలగా బొంగురుగా వచ్చి, తర్వాత గది నిండిపోయింది. నిన్న సాయంత్రం వాడన్న మాటలు ఒక్కటి పొల్లుపోకుండా చెప్పడం మొదలుపెట్టారు. నీ చేతి కూడు కుక్క కూడా ముట్టదు. నిన్ను కన్నవాళ్ళు నిన్ను వదిలించుకుని పండగ చేసుకున్నారు. మా నాన్న వింటున్నాడు, అరవ్వే. అరిచి చూడు, ఎవడొస్తాడో. నువ్వు చచ్చినా ఎందుకని అడిగే దిక్కు లేదు. ఇవన్నీ తెరిచి ఉన్న తలుపులోంచి ముందుగదిలోకి వెళ్ళాయి. అక్కడ కూర్చున్నవాళ్ళందరి చెవుల్లో యంత్రాలున్నాయి. ఒక్కరికీ ఒక్క మాటా తప్పిపోలేదు.

"నాన్నా, మెల్లిగా," అన్నాడు కొడుకు, తలుపువైపు చూస్తూ. వాడి మొహం నల్లగా అయిపోయింది.

"మెల్లిగా నాకు రాదురా. ఇన్నాళ్ళూ మెల్లిగానే ఉన్నాను, చాలదా?"

కుట్టుపని ఆవిడ కుర్చీలోంచి సగం లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ కూలబడింది. చెవులమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆవిడకి ఆ క్షణాన సంతోషమే కలిగింది. పాడులోకం, ఇప్పటికైనా ఒక మగాడు నోరు తెరిచాడనుకుంది. అందరూ అలాగే అనుకుని ఉంటారు. కోడలు మాత్రం గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేసి, చాలా మామూలు గొంతుతో, ఇంట్లో ఏ కూర వండమంటారని అడిగినట్టు అడిగింది.

"అన్నీ విన్నారా మామయ్యగారూ?"

"విన్నానమ్మా."

"నేను కింద పడిన రోజు?"

అప్పటిదాకా నిలువునా ఉన్న మనిషి కొంచెం కొంచెంగా వంగిపోయారు.

"విన్నాను. పక్కగదిలో మంచం మీంచి లేచి నిలబడ్డాను. తలుపుదాకా వచ్చాను," అన్నారు. "మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. వింటే వాణ్ణి అడగాలి. అడిగితే వాడు పొమ్మంటే ఈ వయసులో ఎక్కడికి పోతానని భయమేసింది తల్లీ. వినపడలేదనుకుంటే ఏ బాధా లేకపోయింది."

ఆ పిల్ల తలూపింది. అర్థమైందన్నట్టే ఊపింది. భుజానికున్న సంచీ సర్దుకుంది. చున్నీ సర్దుకోలేదు. అది జారి మెడ మీది కమిలిన గుర్తులు అందరికీ కనపడుతున్నా పట్టించుకోలేదు. చెవులమ్మవైపు చూసి, వస్తానండీ అని మాత్రం అంది.

ముందుగదిలో వాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఆ పిల్ల వెళ్ళాక మళ్ళీ ఎవరి మోకాళ్ళు వాళ్ళు చాపుకున్నారు. కొడుకు వెనకే వెళ్ళబోయి, కుట్టుపని ఆవిడ దగ్గర ఆగిపోవలసి వచ్చింది. జరగండి అన్నాడు. ఆవిడ వినపడనట్టు వాడి మొహంలోకే చూస్తూ కూర్చుంది. అక్కణ్ణించే పెళ్ళాన్ని పిలిచాడు, మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి.

తర్వాత కండక్టరుగారు పిలిచారు. "అమ్మాయ్" అని తనకున్న గొంతంతా పెట్టి పిలిచారు. ఆ కేక కింద కళ్ళద్దాల షాపు దాటి, రోడ్డుమీద వెళ్తున్నవాళ్ళక్కూడా వినపడింది. మెట్లమీద చెప్పుల చప్పుడు ఒక్కక్షణం ఆగింది.

మళ్ళీ ఆ చప్పుడు మొదలై, ఒక్కో మెట్టూ దిగి, రోడ్డు రొదలో కలిసిపోయింది.